పుట్టిన ఊరు: బందరు

పోయిన వారం చేవెళ్ల తహసీలు కచేరీ గేటు దగ్గర ముగ్గురిని ఎండలో నిలబెట్టి వచ్చాం. ఒకరు ఇరవయ్యొక్కేళ్ల ప్రేమమ్మ. ఇంకొకరు చిన్నప్పుడు ఆమెకు అక్షరాలు దిద్దించిన పద్మమ్మ టీచరు. మూడోవాడు ఆ ఇద్దరికీ అడ్డంగా చేతులు చాచి నిలుచున్న స్వామిదాసు. వారం రోజులు మనం ఇళ్లలో కూర్చున్నాం గానీ, వాళ్లకు గడిచింది ఒక్క నిమిషమే.

ప్రేమమ్మ కష్టం కొత్తగా చదివేవాళ్ల కోసం రెండు మాటల్లో చెబుతాను. తాలూకాలో కొత్తగా తెరవబోయే చిన్న దవాఖానాలకు నర్సులను ఇక్కడివాళ్లలోంచే తీసుకోవాలని సర్కారు నిర్ణయించింది. మూడేళ్లుగా బస్సెక్కి పట్నం పోయి, ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్చేంజిలో కార్డు రెన్యువల్ చేయించుకొని ఉత్త చేతులతో తిరిగి వస్తున్న ప్రేమమ్మకు, ఆ కార్డు పుణ్యాన మొదటిసారి ఒక కవరు వచ్చింది. సోమవారం పొద్దున ట్రైనింగులో చేరాలి. చేరేటప్పుడు ముల్కీ సర్టిఫికెట్ చూపాలి. ముల్కీ అంటే ఈ మనిషి పదిహేనేళ్లకు తక్కువ కాకుండా ఇక్కడే బతికిన మనిషి అని తహసీల్దారు ఇచ్చే కాగితం. షాబాదు దారిలోని పల్లెలో గిద్యోనుకూ అంతమ్మకూ పుట్టి, ఆ మట్టిలోనే దోగాడిన పిల్లకు ఆ కాగితం ఇవ్వడానికి అడ్డేముంటుంది?

అడ్డం బడి సర్టిఫికెట్‌లో ఉంది. అందులో ఆమె పుట్టిన ఊరు బందరు అని రాసి ఉంది. కృష్ణా జిల్లాలో, సముద్రం పక్కన ఉన్న బందరు. ప్రేమమ్మ చూసిన పెద్ద నీళ్లు గండిపేట చెరువే. ఆ రాత రాసింది బోర్డింగు బడిలో వార్డెనుగా పనిచేసిన పద్మమ్మ టీచరు కాబట్టి, శనివారం మొదటి బస్సుకే మొయినాబాదు పోయి ఆమెను బతిమాలి వెంట తెచ్చుకుంది. ఒంటిగంటకు కచేరీ మూస్తారు. గేటు దగ్గరే పదకొండు దాటింది.

"ప్రేమా, నువ్వు పో. ఆమె మాత్రం లోపటికి పోవద్దు," అన్నాడు స్వామిదాసు.

"ఎందుకు పోవద్దన్నా?"

"ఎందుకో నీకు ఎరుక లేదా? బోగస్ ముల్కీలన్నీ గిట్లనే పుట్టినయి. ఆంధ్ర దిక్కు మనిషొకరు వస్తరు, ఇంకొకరికి సాక్ష్యం చెప్తరు, కాగితం తయారైతది. గా కాగితంతోని మన నౌకరి పోతది. తహసీల్దార్ సాబ్‌కు మొన్ననే చెప్పినం, ఒక్క కాగితం తప్పుగ పోయినా గేటు దాటనియ్యమని."

అతని వెనక ఇరవై మంది దాకా కుర్రాళ్లున్నారు. అందరి చొక్కాలకూ నల్ల గుడ్డ ముక్కలు గుచ్చి ఉన్నాయి. తెలంగాణ కావాలన్న ఉద్యమంలో కాలేజీలు మూతపడి రెండు నెలలైంది. స్వామిదాసు మీద కోపం తెచ్చుకోకండి, అతను చెప్పిన దాంట్లో అబద్ధం లేదు. పీయూసీ పాసై అయిదేళ్లు. అన్ని ఆఫీసుల గుమ్మాలూ తొక్కి, చివరికి అజీజ్‌నగర్‌లో ఒక ద్రాక్షతోటకు కాపలా ఉంటున్నాడు. కాపలావాడు పిట్టలను తోలుతూ ఇంగ్లీషు పేపరు చదువుతాడని తోట యజమాని వచ్చినవాళ్లకల్లా వింతగా చెప్పుకుంటాడు. ఆ వింత స్వామిదాసుకు లోపల ముల్లులా గుచ్చుకుంటుంది.

అతను టీచరు మొహం చూడకుండా, ఆమె చెప్పుల వైపు చూస్తూ అన్నాడు. "మీ మీద నాకు కోపం లేదు టీచరమ్మా. ఆదివారం లోపట మొయినాబాదు ఇడిచిపెట్టమని చెప్పినం. అందరికీ చెప్పినట్టే మీకూ చెప్పినం."

"నువ్వే వచ్చి చెప్పావు కదా బాబూ, విన్నాను. సామాను కట్టుకున్నాను కూడా," అంది పద్మమ్మ. "కానీ ఆదివారం రేపు. ఇవాళ నాకిక్కడ పని ఉంది."

వెనక నుంచి ఒకడు, ఆమె చంకలోని గుడ్డసంచి చూసి, "దాంట్ల ఏమున్నది?" అని అడిగాడు.

"పాత పుస్తకం," అందామె. అంటూనే సంచి మీద చెయ్యి వేసి, స్వామిదాసును ఒకసారి నిదానంగా చూసింది. ఏదో చెప్పబోయి మానుకున్నట్టు ప్రేమమ్మకు అనిపించింది. ఆ చూపేమిటో అప్పుడు అర్థం కాలేదు.

"అన్నా, ఈమె నా పని మీద వచ్చింది. నా కోసం జర జరుగు," అంది ప్రేమమ్మ. చిన్నప్పుడు ఒకే బోర్డింగులో, ఒకే పొయ్యి మీద వండిన గట్క తిన్నవాళ్లు. స్వామిదాసు ఆమె మొహం చూశాడు, చేతులు దించాడు, పక్కకు తప్పుకున్నాడు.

తహసీల్దారు పట్నం మనిషి. జనవరి నుంచి కంటి నిండా నిద్ర లేక, కళ్లజోడు కింద కళ్లు వాచిపోయి ఉన్నాయి. పద్మమ్మ టీచరు సంచిలోంచి తీసి ఇచ్చిన అట్టలూడిన రిజిస్టరును ముందు ముక్కు దగ్గర, తర్వాత దూరంగా పెట్టి చూశాడు.

"పంతొమ్మిది వందల యాభై ఆరు, జూన్," అని చదివాడు. "పదిహేడు మంది పిల్లలు. పదిహేడు మందిదీ ఒకటే ఊరు. ఏం టీచర్, ఆ ఏడు బందర్‌ల బడులన్నీ బంద్ పెట్టిన్రా?"

తలుపు దగ్గర నిలబడ్డ చప్రాసి భిక్షం నవ్వు ఆపుకున్నాడు. ప్రేమమ్మకు నవ్వు రాలేదు. తనొక్కదాని పేరు దగ్గరే పొరపాటు పడిందని ఆమె ఇన్నాళ్లూ అనుకుంటూ వచ్చింది.

"చూడమ్మా," అన్నాడు తహసీల్దారు ఆమెతో. "మీ పట్వారీ నువ్వు గిద్యోను బిడ్డవంటడు. బడేమో బందర్ అంటది. రెండిట్ల ఒకటి అబద్ధం. ఏది అబద్ధమో నాకు తెల్వకుంట మోహర్ కొడితే, గేటు కాడ ఉన్నోళ్లు నా కుర్చీ బయట పారేస్తరు."

"బడి రాత అబద్ధమండి," అంది పద్మమ్మ టీచరు. "పొరపాటు కాదు. తెలిసే రాశాను."

తర్వాత ఆమె చెప్పినదాన్ని ప్రేమమ్మ గోడకు ఆనుకొని విన్నది. ఆ రోజుల్లో ఆ పల్లెల్లో కూలివాళ్ల బిడ్డకు ఎనిమిదేళ్లు నిండితే పెద్ద పటేలు ఇంటి నుంచి కబురు వచ్చేది. మగపిల్లవాడైతే పసుల దగ్గరికి, ఆడపిల్లయితే పేడ ఎత్తడానికి. కాదనే హక్కు తండ్రికి లేదు. గిద్యోను తన కూతురిని బండిలో జొన్న చొప్ప కింద పడుకోబెట్టి, దాచి, బోర్డింగుకు తీసుకొచ్చాడు. అలాగే ఇంకో పదహారు మంది వచ్చారు.

"ఎవరి పిల్లలు బడిలో ఉన్నారో కనుక్కోవడానికి పటేలు మనుషులు వచ్చేవారండి. రిజిస్టరు చూపించమనేవారు. అసలు ఊరు రాస్తే ఆ పూటే పట్టుకుపోతారు. ఏదో ఒక ఊరు రాయాలి. కలం పట్టుకుంటే నాకు మా ఊరు తప్ప ఇంకో ఊరు తోచలేదు. పిల్లలు బడి వదిలి వెళ్లేటప్పుడు సరిచేద్దామనుకున్నాను. అప్పటికి నన్ను బదిలీ చేశారు. తర్వాత వచ్చినవాళ్లు ఉన్నది ఉన్నట్టు కొత్త పుస్తకంలోకి దించేసి, పాతది పారేయబోతే నేను తెచ్చి దాచుకున్నాను."

ప్రేమమ్మకు ఒక్కసారిగా ఒక మధ్యాహ్నం గుర్తొచ్చింది. అది ఆటనుకుంది ఇన్నేళ్లూ. టీచరమ్మ అందరినీ వరసగా కూర్చోబెట్టి కొత్త మాటలు నేర్పింది. వచ్చిన అనొద్దు, వచ్చానండి అనాలి. ఉన్నది అనొద్దు, ఉందండి అనాలి. సరిగ్గా పలికినవాళ్లకు బెల్లం ముక్క. పిల్లలంతా పడీపడీ నవ్వారు. రెండు రోజుల తర్వాత తలపాగా చుట్టిన ఒకాయన వచ్చి, చేతికర్రతో ఒక పిల్లవాడి గడ్డం పైకెత్తి, "ఏ ఊరురా నీది?" అని అడిగాడు. పదేళ్ల స్వామిదాసు రెండు చేతులూ జోడించి, కళ్లార్పకుండా, "మాది బందరండి," అన్నాడు. ఆయన వెళ్లిపోయాడు. ఆ రోజు టీచరమ్మ స్వామిదాసుకు బెల్లం గడ్డ మొత్తం ఇచ్చి, వంటగదిలోకి పోయి చాలాసేపు బయటికి రాలేదు. ఎందుకు ఏడ్చిందో ప్రేమమ్మకు పదమూడేళ్ల తర్వాత, ఈ కచేరీ గోడ దగ్గర తెలిసింది.

తహసీల్దారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "రిటైర్మెంటుకు ఇంకెన్నేళ్లున్నది టీచర్?"

"రెండేళ్లండి."

"ఇది మీ చేతితోని రాసిస్తే తప్పుడు రికార్డు రాసిన్నని ఒప్పుకున్నట్టే. పైకి పంపక తప్పదు నాకు. మీ మేనేజ్‌మెంటు ఊకుంటదని చెప్పలేను. సోచాయించుకోండి."

"పదమూడేళ్ల కిందటే ఆలోచించుకున్నానండి. కాగితం ఇప్పించండి."

ఆమె రాస్తున్నంతసేపూ ప్రేమమ్మ ఆ చేతినే చూస్తూ ఉండిపోయింది. గుండ్రని అక్షరాలు, కొమ్ములు కొంచెం పైకి లేస్తాయి. తన పలక మీద దిద్దిన అక్షరాలే. సంతకం పెట్టగానే ఆ చెయ్యి పట్టుకొని కళ్లకు అద్దుకుంది. ఇంత మేలు తన వెనకాల తనకు తెలియకుండా నిలబడి ఉందనీ, దాన్ని తప్పురాత అని వారం రోజులుగా తిట్టుకుంటూ తిరిగాననీ తలచుకుంటే ఆమెకు సిగ్గూ సంతోషమూ కలిసి వచ్చాయి.

"ఊరుకో," అంది పద్మమ్మ టీచరు. "ఈ ప్రాంతానికి వచ్చిన ఏడే నాకు విషజ్వరం వచ్చింది. మా వాళ్లెవరూ లేరు. మీ అమ్మ అంతమ్మ నెల రోజులు అంబలి కాచి పోసింది. మీ ఇంట్లో రెండో పూటకు గింజలుండేవి కావని తర్వాత తెలిసింది. దాని ముందు నేను రాసిన ఒక్క మాట ఎంత?"

తహసీల్దారు కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. ఆయనకూ ఏదో అయింది గానీ, కుర్చీలో కూర్చున్న మనిషి కాబట్టి బయటపడలేదు. "ఈమె ఒక్కరి మాట చాలదు. ఈ పదిహేడు మందిల ఇంకొకరు వచ్చి, అవును గిట్లనే జరిగింది అని దస్తఖత్ చెయ్యాలె. ఒంటిగంట దాకనే నేనుంట."

గోడ గడియారం పన్నెండుంబావు చూపిస్తోంది. పదిహేడు మందిలో ఒకడు మిలిటరీలో ఉన్నాడు, ఒకడు కాజీపేట రైల్వేలో. ఆడపిల్లలు పెళ్లిళ్లయి దూరపు ఊళ్లలో ఉన్నారు. ప్రేమమ్మ వేళ్లు మడుస్తుండగానే తహసీల్దారు రిజిస్టరు మీద వేలు పెట్టి పేర్లు చదవసాగాడు. మొదటి పేరు ఆమెదే. రెండో పేరు దగ్గర వేలు ఆగింది.

"స్వామిదాసు. తండ్రి శాంతయ్య. పుట్టిన ఊరు బందర్."

చదివి, ఆయన మెల్లగా తల తిప్పి కిటికీలోంచి గేటు వైపు చూశాడు. మన నౌకర్లు మనకే కావాలని అరుస్తున్న గొంతు అక్కడి నుంచి స్పష్టంగా వినిపిస్తోంది. భిక్షం దగ్గు వచ్చినట్టు నటించి వరండాలోకి జారుకున్నాడు.

గేటు దగ్గర టీచరు చూసిన చూపు ప్రేమమ్మకు ఇప్పుడు అర్థమైంది. సంచి తెరిచి ఒక్క పేజీ చూపిస్తే చాలు, స్వామిదాసు నోరు మూతపడేది. తనను ఊరు వదిలి పొమ్మన్నవాడి పరువును ఆమె చంకలో దాచుకొని లోపలికి తెచ్చింది.

"అతన్ని పిలవకండి," అంది పద్మమ్మ టీచరు తహసీల్దారుతో. తర్వాత ప్రేమమ్మ వైపు తిరిగింది. "వద్దమ్మా. వాడి వెనక ఇరవై మంది ఉన్నారు. వాళ్ల ముందు వాడి తల వంచద్దు. ఇంకో దారి చూద్దాం."

ఇంకో దారి లేదు. సోమవారం దాటితే ఆ సీటు వరసలో తర్వాత ఉన్నవాళ్లకు పోతుంది. మూడేళ్ల కార్డు, మళ్లీ ఎన్నేళ్లకో ఇంకో కవరు. ఇంటి దగ్గర బాపు గిద్యోనుకు మోకాళ్లు పట్టేసి పనికి పోలేకుండా ఉన్నాడు. ప్రేమమ్మ కొంగుతో మొహం తుడుచుకొని బయటికి నడిచింది.

స్వామిదాసును సైకిళ్లు పెట్టిన మూలకు పిలిచి, ఉన్నదున్నట్టు చెప్పింది. అతను ముందు నమ్మలేదు.

"నాది బందరా? ఎవలన్నరు? పై బడిల మా బాపు మా ఊరే రాయించిండు, నా కాగితాలల్ల అదే ఉన్నది."

"నువ్వే అన్నవు. తలపాగాయన కర్రతోని గడ్డం లేపి అడిగితే నువ్వే చెప్పినవు. యాదికి తెచ్చుకో."

స్వామిదాసు చెయ్యి అతనికి తెలియకుండానే గడ్డం దగ్గరికి పోయింది. చొక్కాకున్న నల్లగుడ్డ గాలికి కదులుతోంది.

"అందరి ముంగట నన్ను ఆంధ్రోణ్ణి చెయ్యనీకి వచ్చినవా ప్రేమా?" అన్నాడు చివరికి.

"లేదన్నా. నీకు కాళ్లు మొక్కనీకి వచ్చిన. నువ్వు గీ ఎండల నిలబడి అరవకపోతే ఈ సీటు నా దాంక రాకపోవు, అది నాకు ఎరుకనే. సర్కారు దానంతట అది ఇయ్యలే, మీరు గుంజితే ఇచ్చింది. కని ఆమె ఆ మాట రాయకపోతే నేను పేడ గంప ఎత్తుకుంటనే ఉంటుంటి, నువ్వు పసుల ఎనక ఉంటుంటివి. నాకు ఇద్దరూ కావాలె. నువ్వు రాకపోయినా నేను ఎవలకూ చెప్ప. గది నీ ఇష్టం." అంత మాట్లాడటం ఆమెకు అలవాటు లేదు. చెప్పి, వెనక్కి చూడకుండా లోపలికి పోయి గోడ దగ్గర నిలబడింది.

పన్నెండున్నర దాటింది. తహసీల్దారు కలం మూత తీసి, మళ్లీ పెట్టాడు. పన్నెండు ముప్పావు. పద్మమ్మ టీచరు కళ్లు మూసుకొని ఉంది, పెదవులు మాత్రం కదులుతున్నాయి. ప్రేమమ్మ ప్రార్థించడం కూడా మరిచిపోయి, వరండాలో చెప్పుల చప్పుడు కోసం చెవులు రిక్కించింది.

చప్పుడు వచ్చింది. స్వామిదాసు గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. కచేరీలో ఎవరూ చెప్పులు విడవరు. రిజిస్టరు ముందు నిలబడి తన పేరు చదివాడు, తండ్రి పేరు చదివాడు, ఊరి పేరు చదివాడు. ఆ గుండ్రని అక్షరాల మీద ఒకసారి వేలు పోనిచ్చాడు. "ఎక్కడ చెయ్యాలె దస్తఖత్?" అని అడిగాడు. చేశాడు.

తర్వాత టీచరు వైపు తిరిగాడు. "సామాను కట్టిన్నని చెప్పిన్రు గద," అన్నాడు. "ఇప్పండి టీచరమ్మా. నేనే వచ్చి ఇప్పుత."

తహసీల్దారు మోహర్‌ను సిరా దిండు మీద గట్టిగా అద్ది, కాగితం మీద కొట్టాడు. ప్రేమమ్మ, తండ్రి గిద్యోను, ముల్కీ. ఆ నీలిరంగు ఆరక ముందే ఆమె దాన్ని రెండు చేతులతో అందుకొని, గుండెకు ఆనించుకుంటే అంటుకుంటుందేమోనని భయపడి, గాలిలోనే పట్టుకుంది. తహసీల్దారుకు దండం పెట్టింది, టీచరుకు పెట్టింది, స్వామిదాసుకు పెట్టింది, ఖాళీ గుమ్మానికి కూడా పెట్టింది. బాపు ఈ కాగితం చదవలేడు, కానీ మోహర్‌ను మాత్రం వేలితో తడిమి చూస్తాడు. అది తలచుకుంటే ఆమెకు మళ్లీ కళ్లు నిండాయి.

ముగ్గురూ వరండాలోకి వచ్చేసరికి గేటు దగ్గరి కుర్రాళ్లంతా మెట్ల దాకా వచ్చేసి ఉన్నారు. భిక్షం నోట్లో నువ్వుగింజ నానదని కచేరీలో అందరికీ తెలుసు. సగం విని, సగమే చెప్పాడు.

"అన్నా, లోపట బోగస్ దొరికిందట గద?" అని అడిగాడు ముందున్నవాడు. "పాత రిజిస్టర్ల బందరోళ్లు ఉన్నరట. మన తాలూకాల ఉండుకుంట, మనోళ్లమని తిరుగుతున్నరట. ఎవలన్నా ఆ బందరు మనిషి?"

అందరి చూపులూ పద్మమ్మ టీచరు మీదికి పోయాయి. వెనక ఎవడో కిందికి వంగి రాయి తీసుకోవడం ప్రేమమ్మకు కనిపించింది. ఆమె కాగితాన్ని వెనక్కి దాచుకొని టీచరు చెయ్యి పట్టుకుంది.

స్వామిదాసు ఒక మెట్టు దిగి టీచరుకు ముందు నిలబడ్డాడు. పొద్దున గేటు దగ్గర చాచినట్టే చేతులు చాచాడు. ఈసారి వీపు ఆమె వైపు ఉంది, మొహం తనవాళ్ల వైపు ఉంది. తర్వాత ఆ రెండు చేతులూ దగ్గరికి తెచ్చి, పదేళ్లప్పటిలాగే జోడించి, కళ్లార్పకుండా అన్నాడు.

"మాది బందరండి."